నెత్తురు చెప్పు సాక్ష్యము



నేటి నా ప్రసంగవిషయము రాచపుండు. దీనినే వైద్యగ్రంథములు అర్బుదమనియు, నేటివారు క్యాన్సరనియు వ్యవహరించుచున్నారు. ఆ వ్యాధి దేహమున నున్నదో లేదో నెత్తురును బట్టి ముందుగా చెప్పవచ్చునా యను ప్రశ్నకు మానవు లెట్లు సమాధానము వెదకిరో, ఆ వెదకులాటలో ఏమి దొరకెనో, ఏమి దొరకలేదో, ఆ చరిత్రను మీకు మనవి చేయదలచితిని. నేను వైద్యుడను కాను. బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. ఐనను ఈ విషయమున చరిత్రయే మనకు సూటిగా బుద్ధి గఱపునని నా నమ్మకము.

ఈ ప్రశ్న నేడు ఊరూర వినవచ్చుచున్నది. పరీక్షలు చేయువారు పెద్ద పెద్ద జాబితాలు అచ్చొత్తించి పంచుచున్నారు. ఇంత సొమ్ము చెల్లించినచో ఒక్కసారి తీసిన నెత్తురుతో ఇన్ని వ్యాధుల సంగతి తేల్చెద మనుచున్నారు. ఆ జాబితాలో క్యాన్సరు గుర్తులని కొన్ని పేరు లుండును. ఇంటి యజమాని ఆ కాగితము చేతబట్టుకొని ఊరిపెద్దకడకు వచ్చి, “అయ్యా, ఇది చేయించుకొనుట మంచిదేనా?” అని యడుగును. ఆ పెద్ద చెప్పిన మాటనుబట్టి ఒక కుటుంబపు సొమ్మును, మనశ్శాంతియు, ఒక్కొక్కప్పుడు ప్రాణమును నిలుచును, లేదా పోవును. కావున ఆ మాట తెలిసి చెప్పవలయును.

మొదట ఒక భేదమును గుర్తింపుడు. నెత్తురును మనము రెండు ప్రశ్న లడుగవచ్చును. ఏ బాధయు లేక తిరుగుచున్న మనిషిలో వ్యాధి దాగియున్నదా? ఇది మొదటి ప్రశ్న. వ్యాధి యున్నదని ఇదివఱకే తెలిసిన మనిషిలో అది తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? ఇది రెండవ ప్రశ్న. వినుటకు రెండును ఒక్కటివలెనే యుండును. కాని వాని నడుమ ఎంత దూరమున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు పైగా పట్టినది. నెత్తురులోనే పుట్టు క్యాన్సరులు నెత్తురు పరీక్షలోనే కనబడును. అది వేఱు సంగతి. అవయవములలో గడ్డగా పుట్టు క్యాన్సరులను గూర్చియే నేను ముఖ్యముగా మాటాడుచున్నాను.

మన పూర్వులు ఈ వ్యాధి నెఱుగనివారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున పదునొకండవ అధ్యాయము గ్రంథి, అపచి, అర్బుద, గలగండములను గూర్చినది. అర్బుదము గుండ్రని దనియు, కదలని దనియు, నొప్పి తక్కువ గల దనియు, లోతుగా వేరుదన్ని మెల్లగా పెరుగున దనియు, చీము పట్టని దనియు అందు చెప్పబడినది. ఇవి యన్నియు కంటికిని చేతికిని తెలియు లక్షణములు. తరువాతి కాలపు వైద్యులు అష్టస్థానపరీక్ష యని నాడి, మూత్రము, మలము, నాలుక, కంఠధ్వని, స్పర్శ, కన్ను, ఆకృతి అను ఎనిమిదింటిని పరీక్షించిరి. ఆ యెనిమిదింటిలో నెత్తురు లేదు. లోపల దాగిన గడ్డను దేహద్రవములను బట్టి కనుగొను మార్గము వారికి దొరకలేదు. ఐరోపా వైద్యులకును 19వ శతాబ్ది నడిమి కాలమువఱకు దొరకలేదు.

ఆ మార్గము తొలుత తెఱచుకొన్నది లండను నగరమున. 1845 నవంబరులో అచ్చటి వైద్యు లొక వర్తకుని మూత్రమును హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్య రసాయనజ్ఞునికి పంపిరి. ఆ వర్తకుడు ఎముకలు మెత్తబడి, తీవ్రమైన నొప్పులతో మంచము పట్టియుండెను. మూత్రము వింతగా ప్రవర్తించెను. వేడిచేసినపుడు అందులో ఒక పదార్థము విఱిగెను. మఱింత మరగించినపుడు కరగిపోయెను. చల్లార్చినపుడు మఱల పేరుకొనెను. కోడిగ్రుడ్డు తెల్లసొన యొకసారి ఉడికి గట్టిపడిన పిదప మఱల కరగదు గదా! కావున ఇది సామాన్యమైన మాంసకృత్తు కాదని బెన్స్ జోన్స్ గ్రహించెను. 1847, 1848 సంవత్సరములలో తన పరిశోధనను ప్రకటించి, ఎముకలు మెత్తబడు ప్రతి రోగియందును ఈ పదార్థమును వెదకవలయునని చెప్పెను. ఆ రోగము ఎముకల మూలుగలో పుట్టు క్యాన్సరని తరువాత తేలెను. ఆ పదార్థ మేమియో పూర్తిగా తెలియుటకు 1962వఱకు వేచియుండవలసి వచ్చెను. క్యాన్సరు విడిచిన గుర్తును మానవుడు దేహద్రవములో పట్టుకొనుట ఇదియే మొదలు.

ఒక విషయమును మఱువరాదు. ఆ వర్తకుడు అప్పటికే రోగగ్రస్తుడు. 1846 మొదటి దినముననే మరణించెను. మూత్రములోని గుర్తు, ఉన్న రోగమునకు పేరు పెట్టుటకు పనికివచ్చెను గాని, రాబోవు రోగమును ముందుగా చాటలేదు.

ఈ దారిలో తరువాతి ముఖ్యమైన అడుగు అమెరికాలో పడినది. పురుషులకు మూత్రాశయము క్రింద ప్రోస్టేటు అను గ్రంథి యుండును. దాని క్యాన్సరు ఎముకలకు ప్రాకినవారి నెత్తురులో ఆమ్ల ఫాస్ఫటేసు అను పదార్థము హెచ్చుగా నుండునని గట్మన్ దంపతులు 1938లో చూపిరి. 1941లో చార్లెస్ హగ్గిన్స్ అను శస్త్రవైద్యుడు అట్టి రోగులకు వృషణములను తొలగించి, పురుష హార్మోను తగ్గినపుడు ఆ పదార్థమును నెత్తురులో తగ్గునని చూపెను. చికిత్స పనిచేయుచున్నదా లేదా యను మాటను నెత్తురు చెప్పగలిగెను. హగ్గిన్సుకు 1966లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ రెండవ ప్రశ్నకు నెత్తురు ఎంత చక్కగా సమాధానము చెప్పగలదో నిరూపించిన కథ మఱియొకటి కలదు. అందు మన తెలుగువానికిని భాగమున్నది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షులై, ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందులను తమ బృందముతో తయారుచేయించిరి. వానిలో నొకటి మెథోట్రెక్సేటు. సుబ్బారావుగారు 1948లో స్వర్గస్థులైరి.

కొందఱు స్త్రీలకు గర్భము సరిగా పిండముగా రూపొందక ముత్యాలవంటి బుడగలుగా పెరుగును. దానిని ముత్యాల గర్భమందురు. దాని తరువాత గాని, అరుదుగా మామూలు కాన్పు తరువాత గాని, మావికణములనుండి ఒక భయంకరమైన క్యాన్సరు పుట్టవచ్చును. అది ఊపిరితిత్తులకు ప్రాకిన తరువాత బ్రతుకుట ఆ కాలమున మిక్కిలి యరుదు. గర్భిణీస్త్రీల మూత్రములో కనబడు మావి హార్మోనే ఈ క్యాన్సరు గలవారిలో అపారముగా నుండును. చైనాలో జన్మించి అమెరికాలో పనిచేయుచుండిన మిన్ చియు లీ అను వైద్యుడు, రాయ్ హెర్ట్జ్ అను వైద్యునితో కలసి, 1956లో ఈ రోగులకు మెథోట్రెక్సేటు నిచ్చెను. గడ్డలు కరగిపోయెను. ఊపిరితిత్తుల ఛాయాచిత్రములు శుభ్రమయ్యెను. కాని మూత్రములో హార్మోను ఇంకను కొంత మిగిలియుండెను.

ఇచ్చట వివాదము పుట్టెను. కంటికి గడ్డ కనబడనపుడు, అంత విషమైన మందు నింకను ఏల ఇచ్చుచుంటివని పైవారు ప్రశ్నించిరి. హార్మోను మిగిలియున్న దనగా వ్యాధియు మిగిలియున్నదని లీ సమాధానము. గుర్తు పూర్తిగా మాయమగువఱకు మందు మానరాదని ఆయన పట్టుపట్టెను. ఫలితముగా ఆ సంస్థను వీడవలసి వచ్చెను. కాలక్రమమున తేలిన దేమనగా, మందు ముందుగా మానిన రోగులకు వ్యాధి తిరుగబెట్టెను. లీ పద్ధతిని పొందినవారు బ్రతికిరి. ఒక గట్టి క్యాన్సరు ప్రాకిన తరువాతకూడ మందుచేతనే పూర్తిగా నయమగుట ఆనాటివఱకు ఎఱుగనిది. 1972లో లీకి, హెర్ట్జుకు లాస్కర్ బహుమాన మిచ్చి గౌరవించిరి. నేడు ఆ హార్మోనును నెత్తురులోనే కొలిచి, ఆ కొలతనుబట్టియే వైద్యులు ఈ చికిత్సను నడుపుచున్నారు. గుర్తు నమ్మకమైన కావలివాడుగా నిలుచుట అనగా ఇదియే.

ఇట్టి విజయమును చూచిన పిదప, ఈ కావలివానిని ఆరోగ్యవంతుల ఇండ్లకును పంపిన నేమి యను ఆశ పుట్టుట సహజము. 1963లో మాస్కోలో గ్యారీ అబెలెవ్, పిండదశలో మాత్రమే అధికముగా నుండు ఒక మాంసకృత్తు కాలేయపు క్యాన్సరు గల ఎలుకల నెత్తురులో మఱల కనబడుట చూచెను. మఱుసటి యేట టటారినోవ్ మనుష్యులలోను దానినే చూచెను. 1965లో కెనడాదేశపు మాంట్రియలు నగరమున ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్మన్ అనువారు పెద్దప్రేగు క్యాన్సరులో మఱియొక పిండపదార్థమును కనుగొనిరి. దానినే సీ.ఈ.ఏ. అందురు. ఈలోగా రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు రేడియోధార్మిక పదార్థముల సాయముతో నెత్తురులోని అత్యల్ప పరిమాణములను కొలుచు విధానమును కనిపెట్టియుండిరి. గుర్తును కొలుచు త్రాసు చేతికి వచ్చినది. ఇక క్యాన్సరును పుట్టినచోటనే పట్టుకొందుమని లోకము సంతసించెను.

ఆ సంతోషము నిలువలేదు. పొగత్రాగువారిలో సీ.ఈ.ఏ. హెచ్చుగా కనబడెను. కాలేయవ్యాధులు గలవారిలోను, ప్రేగుల వాపు గలవారిలోను హెచ్చుగా కనబడెను. క్యాన్సరు చిన్నదిగా నున్నపుడు, అనగా కనుగొనిన మేలుకలుగు సమయమున, తఱచుగా కనబడదాయెను. ఆ పదార్థము క్యాన్సరు సొంతము కాదు. ఆరోగ్యవంతమైన దేహమును కొంత తయారుచేయును. దొంగ వేసికొను చెప్పులే ఊరివారును వేసికొనినచో అడుగుజాడ చూచి దొంగను పట్టుట యెట్లు? ఐనను సీ.ఈ.ఏ. వ్యర్థము కాలేదు. పెద్దప్రేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స చేసిన పిదప, వ్యాధి తిరుగబెట్టుచున్నదేమో కనిపెట్టియుండుటకు నేటికిని దానిని కొలుచుచున్నారు. రెండవ ప్రశ్నకు మఱల సమాధానము దొరకెను. మొదటి ప్రశ్నకు దొరకలేదు.

ఇట్లేల జరుగునో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఇది కేవలము ఉదాహరణకొఱకు వేసిన లెక్క. పదివేలమంది ఆరోగ్యవంతులున్నారనుకొనుడు. వారిలో 10 మందికి దాగిన క్యాన్సరున్నది. మన పరీక్ష మిక్కిలి మంచిది. ఆ పదిమందిలో 9 మందిని పట్టును. వ్యాధి లేనివారిలో నూటికి 5 గురిని మాత్రమే పొరపాటున రోగులనును. మిగిలిన 9,990 మందిలో నూటికి 5 గు రనగా సుమారు 500 మంది. పరీక్ష మొత్తము 509 మందిని పిలుచును. అందు నిజమైన రోగులు 9 మందియే. తక్కిన 500 మంది నిద్రలేని రాత్రులు గడిపి, అప్పులు చేసి, నగరములకు పరుగెత్తి, సూదులకును కత్తులకును దేహ మొప్పగింతురు. అదే పరీక్షను, వైద్యుడు లక్షణములు చూచి అనుమానించిన 100 మందికి, అందు 50 మందికి వ్యాధి యున్నచోట చేసినచో, 45 గురిని పట్టును; పొరపాటు ఇద్దఱు ముగ్గురి విషయముననే కలుగును. పరీక్ష యొక్కటియే, అడిగిన చోటు వేఱు. చేపలున్న చెఱువులో వల వేయుటకును, ఎండిన చేనిలో వల వేయుటకును గల భేదమే ఇది.

పొరపాటు పిలుపులకన్న లోతైన చిక్కు మఱియొకటి కలదు. నిజముగా క్యాన్సరే దొరకినను, దానిని కనుగొనుటవలన ఆయుష్షు పెరుగునని నిశ్చయము లేదు. ప్రోస్టేటు గ్రంథికి సంబంధించిన పీ.ఎస్.ఏ. యను గుర్తు చరిత్ర దీనికి దృష్టాంతము. దానిని 1979లో అమెరికాలోని బఫలో నగరపు పరిశోధకులు శుద్ధిచేసిరి. 1986లో రోగులను కనిపెట్టియుండుటకును, 1994లో వ్యాధిని కనుగొనుటకు సహాయముగాను అచ్చటి ప్రభుత్వ మనుమతించెను. లక్షలాది పురుషులు పరీక్షకు పోయిరి. వృద్ధులలో ఈ క్యాన్సరు చాలసార్లు మెల్లగా పెరిగి, ఏ బాధయు పెట్టక, మనిషి వేఱొక కారణమున పోవునంతవఱకు అణగియుండును. అట్టిదానికికూడ శస్త్రచికిత్సలు జరిగెను. పలువురికి మూత్రము నిలువక పోవుట, పురుషత్వము నశించుట సంభవించెను. 2009లో ఐరోపాదేశముల పరీక్షాఫలితములు వెలువడెను. తొమ్మిదేండ్ల కాలమున ఒక్క మరణమును తప్పించుటకు 1,410 మందిని పరీక్షింపవలసి వచ్చెను. అదనముగా 48 మందికి చికిత్స చేయవలసి వచ్చెను. మేలు లేదనలేము, దాని వెల గొప్పది. 2018లో అమెరికా నిపుణసంఘము 55 మొదలు 69 ఏండ్లవారు వైద్యునితో లాభనష్టములు తర్కించుకొని తామే నిర్ణయించుకొనవలయు ననియు, 70 ఏండ్లు నిండినవారికి ఈ పరీక్ష వల దనియు చెప్పెను.

స్త్రీల అండాశయ క్యాన్సరుకు 1981లో రాబర్ట్ బాస్ట్ బృందము సీ.ఏ. 125 అను గుర్తును కనుగొనెను. అది ముట్టు సమయమునను, గర్భముననుకూడ హెచ్చవచ్చును. ఐనను ముట్లుడిగిన స్త్రీలలో పనికివచ్చునేమో యని బ్రిటనువారు 2001లో ఒక మహాపరీక్షను ప్రారంభించి, 2 లక్షల 2 వేలకు పైగా స్త్రీలను చేర్చుకొనిరి. కొందఱికి ఏటేట నెత్తురు పరీక్ష, కొందఱికి ధ్వనితరంగముల పరీక్ష చేసిరి. కొందఱికి ఏమియు చేయలేదు. 2021లో తుదిఫలితము వచ్చెను. నెత్తురు పరీక్ష చేసినవారిలో వ్యాధి కొంత ముందుగానే దొరకెను. కాని మరణములు తగ్గలేదు. ముందుగా కనుగొనుట వేఱు, ప్రాణము దక్కించుట వేఱు అను సత్యమును ఆ యిరువదేండ్ల శ్రమ స్థాపించినది. ఆశించిన ఫలము రాలేదని దాచక ప్రకటించిన ఆ శాస్త్రజ్ఞులకు నేను నమస్కరించుచున్నాను.

మొదటి ప్రశ్నకు నెత్తురు ఎన్నడును సమాధానము చెప్పదా? చెప్పిన సందర్భము లున్నవి. ముక్కు వెనుక, గొంతు పైభాగమున పుట్టు ఒక క్యాన్సరు దక్షిణ చైనాలో హెచ్చు. ఎప్‌స్టైన్ - బార్ అను వైరసుకు దానితో గాఢసంబంధము కలదు. హాంకాంగు నగరమున డెన్నిస్ లో బృందము 40 మొదలు 62 ఏండ్ల పురుషులను 20,174 మందిని ఎన్నుకొని, నెత్తురులో ఆ వైరసు తునకలను వెదకెను. ఒకసారి కనబడినవారికి కొన్ని వారముల పిదప మఱల చూచి, రెండుసార్లును కనబడినవారినే ముక్కులోపల పరీక్షించెను. 34 మందికి వ్యాధి దొరకెను. 2017లో ప్రకటించిన ఆ ఫలితమున, నూటికి 71 గురికి అది తొలిదశలలోనే యున్నది. అంతకుముందు సామాన్యముగా నూటికి 20 మందికే అట్లుండెను. అచ్చట చెఱువు సరియైనది, వలయు సరియైనది. వ్యాధి హెచ్చుగా నున్న జనమును, ఆ వ్యాధికి దగ్గఱి గుర్తును ఎంచుకొనుటయే ఆ మేలునకు మూలము.

నేటి పరిశోధకులు క్యాన్సరు కణములు నెత్తురులోనికి విడుచు డి.ఎన్.ఏ. తునకలను వెదకుచున్నారు. నెత్తురులో స్వేచ్ఛగా తిరుగు అట్టి పదార్థమున్నదని మాండెల్, మెటే అను ఫ్రెంచివారు 1948లోనే చెప్పియుండిరి. 2024లో అమెరికా ప్రభుత్వము పెద్దప్రేగు క్యాన్సరుకు అట్టి నెత్తురు పరీక్ష నొకదాని నంగీకరించెను. అది క్యాన్సరును నూటికి 83 వంతులు పట్టెను. క్యాన్సరుగా మాఱగల ముదిరిన పిలకలను మాత్రము 13 వంతులే పట్టెను. ఈ విద్య ఎదుగుచున్నది. రేపు మఱింత చేయవచ్చును. కాని పై చరిత్ర నెఱిగినవాడు ప్రతి క్రొత్త పరీక్షను ఒక్కటే అడుగవలయును: “దీనివలన మరణములు తగ్గినవని చూపితిరా?”

అయ్యలారా! అట్లు చూపబడిన పరీక్షలు మన దేశముననే కలవు. వానికి నెత్తురు తీయ నక్కఱలేదు. తిరువనంతపురము జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, వెలుతురులో జనుల నోరు చూచిరి. పొగాకు, మద్యము అలవాటు గలవారిలో నోటి క్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గెనని 2005లో వెల్లడి యయ్యెను. మహారాష్ట్రమున, నాడు ఉస్మానాబాదు అనబడిన జిల్లాలో, 30 ఏండ్లు దాటిన స్త్రీలకు గర్భాశయ ముఖద్వారపు తడినుండి వైరసు పరీక్ష ఒక్కసారి చేసినంతనే ముదిరిన క్యాన్సరులును, మరణములును సగమునకు తగ్గెనని 2009లో ప్రకటించిరి. మన ఉత్తరాంధ్ర తీరమున చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు అలవాటు కలదు. దానివలన అంగిటిలో పుట్టు క్యాన్సరును కనుగొనుటకు నోరు తెఱచి దీపము చూపిన చాలును.

కావున జాబితా చేతబట్టుకొని మీకడకు వచ్చిన వానితో ఇట్లు చెప్పుడు. ఏ బాధయు లేనివాడవు గనుక, వైద్యుడు చెప్పక ఈ గుర్తుల పరీక్షకు సొమ్ము పోయకుము. పరీక్ష బాగుగా వచ్చినదని నోటిలోని మానని పుండును, రొమ్ములోని గడ్డను, ముట్లుడిగిన పిదప కనబడిన నెత్తురును ఉపేక్షింపకుము. కాగితముపైని అంకెకన్న ఆ గుర్తులే బలమైనవి. పొగాకు మానుము. ఇంటి స్త్రీలను 30 ఏండ్లు దాటినంత ఆరోగ్యకేంద్రమునకు పంపుము. మఱి యెవరికైన క్యాన్సరు నిశ్చయమై, చికిత్స జరుగుచు, వైద్యుడు నెత్తురులోని గుర్తును కొలువుమన్నచో, దూరమని, ఖర్చని మానిపింపకుడు. ఆ సమయమున నెత్తురు పలుకు సాక్ష్యము విలువైనది. మిన్ చియు లీ దానిని నమ్మి తన యుద్యోగమును పోగొట్టుకొనెను. అనేక మాతలు దానివలన ప్రాణములు దక్కించుకొనిరి.